కార్ల పందెం సినిమా రాత్రికి ఏది పెట్టాలి: ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్‌లో రెండో భాగమా, మూడోదా, ఐదోదా?

బ్రాడీపేట హాస్టల్ గదిలోనైనా, సత్యనారాయణపురం మేడ మీదైనా, ఆటోనగర్‌లో షెడ్డు మూసేశాక ముందుగదిలోనైనా, నలుగురు చేరి కార్ల సినిమా పెట్టుకుందాం అనుకుంటే మొదట వచ్చే పేచీ ఒకటే. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్‌లో ఏ భాగం? మొదటిది అందరూ చూసేసి ఉంటారు. ఏడోదీ ఆ తర్వాతవీ టీవీలో తిరుగుతూనే ఉంటాయి. పోటీ అంతా మధ్యవాటి మీదే. 2003లో వచ్చిన ‘2 ఫాస్ట్ 2 ఫ్యూరియస్’, 2006లో వచ్చిన ‘టోక్యో డ్రిఫ్ట్’, 2011లో వచ్చిన ‘ఫాస్ట్ ఫైవ్’.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాం. బండ్ల మీద మోజుతో చూసేవాళ్లకి రెండోది. పందెమే కావాలంటే మూడోది. బండ్ల సంగతి పట్టనివాళ్లు కూడా గదిలో ఉంటే ఐదోది. ఈ మూడింటిలో ఎక్కువ తిట్లు తిన్నది రెండోదే కాబట్టి, దాన్ని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. ఆ తిట్లలో సగం న్యాయమైనవి, సగం కావు.

పందెం తీయడంలో ఉన్న చిక్కు

రోడ్డు పందెం సినిమాకి పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది. వీధి పందేలకి పేరుపడ్డ దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. అందులో మూడో వంతు దూరం. బాగా ట్యూన్ చేసిన రోడ్డు కారు దీన్ని 11, 12 సెకన్లలో దాటేస్తుంది. ఆ కాసేపట్లో హీరో భయపడాలి, వెనకబడాలి, తెగించాలి, గెలవాలి. అది ఎలా కుదురుతుంది? 2001 నాటి మొదటి సినిమా ఆ సెకన్లని సాగదీసింది. గేరు మీద గేరు మారుతూనే ఉంటుంది, కెమెరా ఇంజన్ లోపలికి దూరి వస్తుంది, గెలుపు గీత మాత్రం రాదు.

తర్వాతి భాగాలు ఈ చిక్కుని ఎలా విప్పాయో చూస్తే ఏది ఎవరికి నచ్చుతుందో తెలిసిపోతుంది. రెండోది తిన్నటి రోడ్డు వదిలేసి మలుపులున్న చుట్టు పందెం పెట్టింది. మూడోది వేగాన్ని పక్కనపెట్టి జారుడుని (డ్రిఫ్ట్), అంటే మలుపుల్లో కారుని పక్కకి జారించుకుంటూ నడపడాన్ని పట్టుకుంది. ఐదోది పందేన్నే వదిలేసి దొంగతనం వైపు వెళ్లింది. మూడూ తెలివైన దారులే, కానీ మూడింటికీ వేరువేరు ఖరీదు పడింది.

రెండో భాగం: దేనికి చూడాలి

మొదటి పదిహేను నిమిషాలకి. ఈ సినిమాని తిట్టేవాళ్లు కూడా ఒప్పుకునే సంగతి ఇది. మయామీలో రాత్రి, నాలుగు కార్లు: బ్రయన్ (పాల్ వాకర్) వెండిరంగు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34, సూకి గులాబీరంగు హోండా ఎస్2000, స్లాప్ జాక్ బంగారురంగు టొయోటా సుప్రా, నారింజరంగు మాజ్డా ఆర్ఎక్స్-7. నాలుగూ జపాన్ బండ్లే, నాలుగు రంగులు, నాలుగు రకాల చప్పుడు. ఎడిటర్ ఎంత వేగంగా కోసినా ఏ కారు ఎక్కడుందో చూసేవాడు తప్పిపోడు. అందుకు కారణం ఆ రంగులే. కొత్త సినిమాల్లో నల్ల కారు వెనక బూడిదరంగు కారు పరిగెడుతుంటే ఎవరు ముందున్నారో తెలియక అవస్థపడ్డవాళ్లకి ఈ సంగతి విలువ తెలుస్తుంది.

పందెం చివర పైకి లేచే వంతెన ఉంటుంది. అది ఉందని పోటీదారులకి చెప్పరు. ఇక్కడే దర్శకుడు జాన్ సింగిల్టన్ మంచి పని చేశాడు: వంతెనని గెలుపు కోసం కాక, మనిషిని చూపించడానికి వాడాడు. ఒకరు బ్రేకు వేస్తారు, ఒకరు దూకి దెబ్బతింటారు, బ్రయన్ దూకి గెలుస్తాడు. స్లాప్ జాక్ సుప్రా దూకాక ప్రకటన బోర్డుని చీల్చుకుని వస్తుంది. ఆ సుప్రా సంగతి తెలిస్తే బండ్ల ప్రేమికులకి ఇంకాస్త ఆసక్తి: మొదటి సినిమాలో హీరో నడిపిన నారింజరంగు సుప్రానే రంగు మార్చి ఇక్కడ వాడారు. అది ఆ రెండు సినిమాలకీ సాంకేతిక సలహాదారుగా పనిచేసిన క్రెయిగ్ లీబర్మన్ సొంత కారు.

స్కైలైన్‌లో మనకి ఇంకో సౌకర్యం ఉంది. అది జపాన్‌లో అమ్మిన బండి, మన కార్లలాగే కుడివైపు స్టీరింగు. బ్రయన్ గేరు ఎడమచేత్తో మారుస్తాడు. తతిమ్మా హాలీవుడ్ కార్ల సినిమాల్లో అన్నీ అద్దంలో చూసినట్టు ఉంటాయి. ఇక్కడ అతని చేతులు చూస్తుంటే ఏం చేస్తున్నాడో నేరుగా అర్థమవుతుంది. పెడల్, గేరు, స్టీరింగు షాట్లు వచ్చినప్పుడు ఈ తేడా గమనించండి.

రెండో బలం గుంపు సీను. పోలీసులు వెంటపడుతుంటే బ్రయన్, అతని స్నేహితుడు రోమన్ ఒక గోదాములోకి దూరతారు. తలుపులు తెరుచుకోగానే లోపల్నుంచి పదుల కొద్దీ వీధి పందెం కార్లు అన్ని దిక్కులకీ ఒక్కసారిగా బయటపడతాయి. ఏ కారులో ఎవరున్నారో పోలీసులకి తెలియదు. ఈ సందులో హీరోలిద్దరూ వేరే బండ్లలో జారుకుంటారు, వాళ్ల అసలు కార్లు పట్టుబడేసరికి లోపల సూకి, పందేలు నడిపించే టెజ్ కూర్చుని ఉంటారు. ఇందులో కంప్యూటర్ గారడీ లేదు. బండ్లు, డ్రైవర్లు, ఒక చక్కటి ఉపాయం, అంతే. సినిమా మొత్తంలో కథా యాక్షనూ కలిసి నడిచిన చోటు ఇదే.

మూడో బలం పగటి వెలుతురు. ఈ వరసలో చాలా భాగాలు రాత్రిపూటే నడుస్తాయి. ఇందులో హైవే మీద విలన్ పెట్టిన డ్రైవర్ల ఎంపిక పరీక్ష పట్టపగలు జరుగుతుంది. లారీల మధ్య నుంచి దూరే కార్లు, దూరలేక నలిగిపోయే కార్లు. బెంజి సర్కిల్ నుంచి గన్నవరం వైపు జాతీయ రహదారి మీద లారీ పక్కన నడిపినవాళ్లెవరికైనా ఆ సీనులో గుండె ఝల్లుమంటుంది. ఇంత హంగామా చేసి వాళ్లు తెచ్చిన పొట్లంలో ఉన్నది ఒక చుట్ట. విలన్ ఎలాంటివాడో చెప్పడానికి ఆ ఒక్క చుట్ట చాలు. తర్వాత ఆ విలన్‌ని రచయితలు ఎందుకు వాడుకోలేదన్నదే బాధ.

ఎక్కడ కూలింది

మొదటి సినిమాలో డామినిక్‌గా చేసిన విన్ డీజిల్ లేకపోవడమే లోపమని అందరూ అంటారు. అది పైకి కనిపించే కారణం. మొదటి సినిమాకి ఊపిరి డామినిక్ అనే మనిషి కాదు, బ్రయన్ ఇరుక్కున్న ఇరకాటం. పోలీసుగా వెళ్లాడు, దొంగ ఇంట్లో భోజనం చేశాడు, ఎవరిని మోసం చేయాలో తేల్చుకోలేకపోయాడు. రెండో భాగంలోనూ అతను మారువేషంలోనే వెళ్తాడు. కానీ ఇక్కడ విలన్ కార్టర్ వెరోన్ (కోల్ హౌసర్) మీద అతనికి ఏ మమకారమూ లేదు. పట్టిస్తే పోయేది ఏమీ లేదు. పణం లేని ఆటలో ఉత్కంఠ ఎక్కడిది?

ఆ పణం ఇంకో చోట ఉంది, రోమన్ దగ్గర. చిన్నప్పటి స్నేహితుడు, తను జైలుకి పోవడానికి బ్రయనే కారణమని మనసులో పెట్టుకున్నవాడు. టైరీస్ గిబ్సన్ ఆ పాత్రని హుషారుగా చేశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ, నసుగుతూ తిరిగే ఆ మనిషి వల్లే సినిమా మధ్యభాగం నిలబడింది. అయితే ఇద్దరి మధ్య పగ కనిపించిన కాసేపటికే మట్టిలో పడి కొట్టుకుని తేల్చేసుకుంటారు. ఆ తర్వాత మిగిలేది సరదా కబుర్లు. ఆ కోపాన్ని చివరిదాకా దాచి, ఆఖరి పరుగులో రోమన్ కారు ఆపుతాడా ఆపడా అన్న అనుమానం మిగిల్చి ఉంటే సినిమా స్థాయే వేరు.

ఇంకో లోపం చిన్న సీనులో కనిపిస్తుంది. బ్రయన్ మోనికా (ఎవా మెండిస్) వైపు తిరిగి, రోడ్డు చూడకుండా, ఆమె కళ్లలోకి చూస్తూ జోరుగా నడుపుతాడు. చూడ్డానికి గమ్మత్తుగానే ఉంటుంది. అయితే కారు నడపడం ఇతనికి అస్సలు కష్టం కాదని ఆ సీను చెప్పేసింది. ఇక తర్వాత వచ్చే ఏ మలుపు దగ్గరైనా మనం ఎందుకు భయపడాలి?

విడుదలప్పుడు లెక్క చూస్తే 7.6 కోట్ల డాలర్లు పెట్టి తీసిన ఈ సినిమా ప్రపంచమంతా కలిపి 23.6 కోట్ల డాలర్లు తెచ్చింది. మొదటిది 3.8 కోట్లకి 20 కోట్ల పైన తెచ్చింది. రెట్టింపు ఖర్చుకి కాస్తే ఎక్కువ రాబడి. మూడోదానికి విన్ డీజిల్‌ని చివర్లో ఒక్క సీనుకైనా రప్పించాల్సి వచ్చింది అందుకే అనిపిస్తుంది.

సీటులోనే ప్రశ్నలు లేచే చోట్లు

మెకానిక్కులు, ఇంజనీరింగ్ పిల్లలు ఉన్న గుంపులో సినిమా మధ్యలో వాదన మొదలవుతుంది. జవాబులు చేతిలో ఉంచుకోండి.

నైట్రస్ (ఇంజన్‌కి కాసేపు అదనపు శక్తి ఇచ్చే గ్యాసు): బటన్ నొక్కగానే లోకమంతా గీతలుగా సాగిపోవడం సినిమా సంగతి. నిజంలో నైట్రస్ ఆక్సైడ్ బరువులో 36 శాతం ఆక్సిజన్ ఉంటుంది, మామూలు గాలిలో 23 శాతమే. ఆ వాయువు ఇంజన్ వేడికి విడిపోయి అదనపు ఆక్సిజన్ ఇస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువ పోయాలి. పెట్రోలు తగ్గితే మంట మరీ వేడెక్కి పిస్టన్ తలకే బొక్క పడుతుంది. సాధారణంగా వాడే 10 పౌండ్ల సిలిండరులో, అంటే 4.5 కిలోల గ్యాసుతో, 100 హార్స్‌పవర్ అదనంగా తీసుకుంటే దాదాపు నిమిషంన్నర వాడకం వస్తుంది. కాబట్టి ఒక పందెంలో సిలిండరు ఖాళీ అయిపోవడం అతిశయోక్తి. ఒక్క నొక్కుతో కారు రాకెట్ కావడం అంతకన్నా పెద్ద అతిశయోక్తి.

సీటు ఎగిరిపోవడం: రోమన్ కారులో నైట్రస్ ఒత్తిడితో రౌడీ సీటుతో సహా పైకి లేచిపోతాడు. సిలిండరులో 900 నుంచి 1,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది కాబట్టి శక్తికి లోటు లేదు. ఆ శక్తిని ఒక్క క్షణంలో సీటు కిందకి చేర్చే లావుపాటి వాల్వు, సీటుని నిటారుగా పంపే పట్టాలు లేకుండా అది జరగదు.

పడవ మీదకి దూకే కమారో: ఆఖర్లో 1969 యెంకో కమారో నీళ్ల మీద ఎగిరి విలన్ పడవ మీద పడుతుంది. ఆ కారుకి బరువైన ఇంజన్ ముందువైపు ఉంది. గాల్లోకి లేచాక అలాంటి కారు ముక్కు కిందకి వాలుతుంది. అందుకే స్టంటు వాళ్లు దూకించే కార్ల డిక్కీలో బరువు పెడతారు. తెర మీద మాత్రం విమానంలా సమంగా పోయి దిగుతుంది. రెండో భాగంలో అందరి నమ్మకమూ తెగిపోయే చోటు ఇదే, అది ఆఖరి సీను కావడంతో ఆ రుచే నోట్లో మిగిలిపోతుంది.

ఇవి చూసి తమ బండికి రంగు, కింద నీలం లైట్లు, నైట్రస్ కిట్టు అని మొదలుపెట్టేవాళ్లుంటారు. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన ఇంజన్ నిర్మాణం మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం. రోడ్డు మీద పందెం కడితే సెక్షన్ 189 కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

టోక్యో డ్రిఫ్ట్: పందెం నేర్చుకునే సినిమా

మూడోదానిలో, చివర్లో డీజిల్ సీను తప్పిస్తే, పాత ముఖాలు లేవు, కొత్త కుర్రాడు లూకాస్ బ్లాక్. విడుదలైనప్పుడు వసూళ్లు 15.9 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయాయి, ఈ మూడింటిలో అతి తక్కువ. కానీ పందెం సినిమాగా చూస్తే వరస మొత్తంలో దీనికి సాటి లేదని మా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఇందులో హీరోకి నడపడం రాదు. వేగంగా పోవడం వచ్చు, జారించడం రాదు. టోక్యోలో అతని మొదటి పందెం పార్కింగ్ భవనంలో. మెలికలు తిరిగే ర్యాంపు మీద అవతలివాడి నిస్సాన్ 350జెడ్ గోడకి జానెడు దూరంలో జారుతూ పైకి పోతుంది. మనవాడు తర్వాత తనని చేరదీసే హాన్ దగ్గర అరువు తెచ్చిన నిస్సాన్ సిల్వియాని ప్రతి గోడకీ గుద్ది ముక్కలు చేస్తాడు. ఓడిపోయాడు, బండి బాకీ పడ్డాడు. రెండో భాగంలో దొరకని పణం ఇక్కడ అరగంట తిరక్కముందే దొరికేసింది.

జారుడుని నిజంగా తెలిసినవాళ్లు చేయించారు. జపాన్‌లో డ్రిఫ్ట్ రారాజు అనిపించుకున్న కెయిచి త్సుచియా ఈ సినిమాకి పనిచేశాడు, రేవులో సాధన చేసే సీనులో చేపలు పట్టుకునే మనిషిగా కాసేపు కనిపిస్తాడు కూడా. హీరో నడిపే ఎర్ర లాన్సర్ ఎవో అసలు నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే బండి. జారించడం కోసం ముందు చక్రాల లంకె తీసేసి వెనక చక్రాల బండిగా మార్చారు.

ఇక్కడే మన ఊళ్లో తరచూ వచ్చే ప్రశ్న: మన స్విఫ్ట్, ఐ20 అలా ఎందుకు జారవు? వాటిలో శక్తి ముందు చక్రాలకి పోతుంది. హ్యాండ్‌బ్రేకు లాగితే వెనక చక్రాలు పట్టేసి తోక ఒక్కసారి తిరుగుతుంది, అంతే. ఆ జారుడుని యాక్సిలరేటరుతో కొనసాగించాలంటే వెనక చక్రాలు శక్తితో గిరగిరా తిరుగుతూ ఉండాలి, ఇంజన్ శక్తిని చక్రాలకి పంచే వెనక డిఫరెన్షియల్ రెండు చక్రాలనీ కలిపి తిప్పాలి. ముందు చక్రాల బండిలో యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కారు తిన్నగా అవుతుంది. ఈ ఒక్క సంగతి తెలుసుకుని చూస్తే హీరో స్టీరింగుని మలుపుకి అవతలివైపు ఎందుకు తిప్పుతున్నాడో ప్రతి సీనులోనూ తెలుస్తుంది.

లోపాలు: తొలి సీనులో గెలిచినవాడికి అమ్మాయే బహుమతి అన్నట్టు పందెం కడతారు, అది ఇప్పుడు చూస్తే చిరాకేస్తుంది. హీరో హైస్కూలు కుర్రాడంటే ముఖం చూసి నమ్మలేం. ప్రేమకథ పలచన. కొండ మీద ఆఖరి పందెం చీకట్లో నడుస్తుంది, టీవీ బాగోకపోతే సగం కనిపించదు. వీటన్నిటినీ మరిపించేది హాన్ పాత్రలో సంగ్ కాంగ్. తాపీగా కూర్చుని చిరుతిండి నములుతూ, హీరోకన్నా ఎక్కువగా మనసులో నిలిచిపోయే మనిషి.

ఫాస్ట్ ఫైవ్: పందెం మానేసి గెలిచింది

రియోలో నడిచే ఐదో భాగం 12.5 కోట్లతో తీస్తే 62.6 కోట్ల డాలర్లు తెచ్చింది. టోక్యో డ్రిఫ్ట్ తీసిన జస్టిన్ లినే దీనికీ దర్శకుడు. ఇందులో దర్శకుడి నిర్ణయం ఎంత స్పష్టంగా ఉందో చెప్పే సీను ఒకటుంది. డామ్ (డామినిక్), బ్రయన్ ఒక కారు గెలుచుకోవడానికి వీధి పందేనికి వెళ్తారు. సవాలు విసురుకుంటారు. మరుసటి షాట్‌లో గెలిచిన నీలం పోర్షా షెడ్డులోకి వచ్చేస్తుంది. పందెమే చూపించలేదు! పందెం కోసం కూర్చున్నవాడికి ఇది కంచంలో అన్నం లాగేసినట్టే. తర్వాత నాలుగు పోలీసు కార్లతో పావు మైలు పందెం ఒకటి ఉంటుంది. చిన్నదే, స్నేహం కోసం పెట్టింది, బాగుంటుంది.

దాని అసలు బలం పాత భాగాల మనుషులందరినీ ఒకచోట చేర్చడం. రోమన్, టెజ్ రెండోదాని నుంచి, హాన్ మూడోదాని నుంచి వస్తారు. అవతలివైపు డ్వేన్ జాన్సన్. ఒక్కొక్కరికీ ఒక పని, ఆ పని వాళ్ల స్వభావానికి తగ్గది. రెండోదాంట్లో వృథా అయిన రోమన్ హాస్యం ఇక్కడ పదిమంది మధ్య పడేసరికి పండింది.

ఖజానా పెట్టెని రెండు డాడ్జ్ చార్జర్లు ఊరంతా ఈడ్చుకెళ్లడం మీద లెక్క వేయాలనిపిస్తుంది, వేద్దాం. పెట్టె 9 టన్నులనుకోండి. తారు మీద రాసుకుంటూ పోవడానికి ఘర్షణ 0.4 వేసుకున్నా 3.6 టన్నుల లాగుడు ఎప్పుడూ కావాలి. ఒక్కో చార్జర్ 1.9 టన్నులు, లాగే వెనక చక్రాల మీద పడేది అందులో సగం. రెండు కార్ల వెనక టైర్లకీ కలిపి పట్టు దొరికేది 2 టన్నుల లోపు. పెట్టె కదలదు, టైర్లు కాలి పొగ వస్తుంది. మరి తెర మీద ఎందుకు నమ్ముతాం? ఎక్కువభాగం నిజంగానే తీశారు కాబట్టి. తేలికపాటి పెట్టెలు చేయించి కార్లతో లాగించారు, ఒకదాని లోపల డ్రైవరు కూర్చుని నడిపే బండే ఉంది. పెట్టె తగిలి ముక్కలయ్యే కార్లు, గోడలు నిజమైనవి. రెండోదాంట్లో కమారో గెంతు నమ్మలేకపోవడానికీ, ఇంతకన్నా అసాధ్యమైన ఈ పెట్టెని నమ్మడానికీ తేడా అదే: వస్తువు వస్తువుకి తగులుతున్నప్పుడు బరువు కనిపించాలి.

లోపం ఒక్కటే చెప్పాలంటే నిడివి. 130 నిమిషాలు. రెండోది 107, మూడోది 104.

ఏ వరసలో చూడాలి

మూడూ వరసగా పెట్టుకుంటే 341 నిమిషాలు, ఆరుగంటలకి కాస్త తక్కువ. విడుదలైన వరసలోనే చూడండి. కథ కాలక్రమంలో మూడోది ఆరో భాగం తర్వాత జరుగుతుంది కదా, దాన్ని చివరికి తోస్తే పోలేదా అని కొందరంటారు. వద్దు. మూడోదాంట్లో హాన్‌కి జరిగేది తెలిసి ఐదోదాంట్లో అతను నవ్వుతూ తిరగడం చూస్తే వచ్చే బరువు వేరు, అది పోగొట్టుకోకండి. నాలుగోది 2009లో వచ్చింది, కథ అతుకు కోసం తప్ప ఈ రాత్రికి అవసరం లేదు. రెండోదానికి ముందు బ్రయన్ మయామీ ఎలా చేరాడో చెప్పే ఆరు నిమిషాల చిన్న చిత్రం ఒకటి ఉంది, దొరికితే చూడండి, దొరక్కపోతే నష్టం లేదు.

తెర, చప్పుడు, భాష

ఈ సినిమాలన్నీ దాదాపు 2.39:1 వెడల్పులో తీసినవి. 43 అంగుళాల టీవీలో పైన, కింద నల్లపట్టీలు పోగా బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లే మిగులుతుంది. చిన్నగా ఉందని రిమోట్‌లో ‘జూమ్’ నొక్కేవాళ్లు ఎక్కువ. నొక్కితే వెడల్పులో పావు వంతు తెగిపోతుంది. రెండోదాని తొలి పందెంలో నాలుగు కార్లు బారుగా నిలబడే షాట్ ఉంది చూశారూ, అక్కడ చివరి కార్లు అంచు దాటి పోతాయి. పట్టీలు ఉండనివ్వండి, సోఫా ఒక అడుగు ముందుకి జరపండి.

టీవీ సెట్టింగులలో మోషన్ స్మూతింగ్ అనో, దానికి ఆ కంపెనీ పెట్టిన ఇంకో పేరుతోనో ఉండేదాన్ని ఆపేయండి. అది ఉంటే కార్లు సీరియల్లో పరిగెడుతున్నట్టు జావగా కనిపిస్తాయి. మేడ మీద ప్రొజెక్టర్ అయితే మే నెలలో ఏడుంపావు దాటాక మొదలుపెట్టండి. పూర్తి చీకట్లో 100 అంగుళాల తెరకి 500 ఏఎన్ఎస్ఐ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుతురు) సరిపోతాయి. డబ్బా మీద పెద్దగా రాసే మామూలు ‘ల్యూమెన్లు’ అంకె నమ్మొద్దు. పక్కింటి ట్యూబులైటు పడుతుంటే టోక్యో డ్రిఫ్ట్ వద్దు, రెండోది పెట్టండి. దాని పగటి రంగులు తట్టుకుంటాయి.

అపార్ట్‌మెంటులో పది దాటాక సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ వేయండి. లేకపోతే మాటలు వినపడక పెంచుతారు, వెంటనే ఇంజన్ గర్జించి కిందింటివాళ్లు లేస్తారు. సబ్‌ఊఫర్‌ని నేలకి ఆనించకుండా మందపాటి రబ్బరు చాప మీద పెట్టండి, స్లాబు ద్వారా పోయే అదురు తగ్గుతుంది.

తెలుగు ఆడియో ఉందా లేదా అన్నది ఓటీటీని బట్టి, నెలని బట్టి మారుతుంది. డబ్బు కట్టేముందే ఆడియో జాబితా తెరిచి చూసుకోండి. తెలుగు ఉంటే రోమన్ మొదటిసారి నోరు విప్పే సీనుకి జరిపి రెండు నిమిషాలు వినండి. అక్కడ మాటల ఊపు పడిపోయిందంటే ఇంగ్లీషులోనే పెట్టుకోండి. టోక్యో డ్రిఫ్ట్‌లో జపాన్ మాటలు చాలా వస్తాయి, సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా ఆన్ చేయండి. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో తెలుగు ఆడియోతో ఐదోదే సుఖం.

పిల్లలతో చూసేటట్టయితే రెండోదాంట్లో ఒక సీను ముందే గుర్తుపెట్టుకోండి. విలన్ తన క్లబ్బులో ఒక పోలీసు అధికారి పొట్ట మీద ఎలుకని పెట్టి, దానిపై బకెట్ బోర్లించి మంటతో వేడి చేస్తాడు. రక్తం పెద్దగా కనిపించదు కానీ అరుపులు, ఆ ఊహ చిన్నవాళ్లని రాత్రంతా వదలవు. క్లబ్బు మేడ గదిలో ఎలుక కనపడగానే రిమోట్ పట్టుకుని తర్వాతి సీనుకి దాటించేయండి. కథకి అవసరమైన సంగతి ఒక్కటే, ఆ అధికారి భయపడి వెరోన్ చెప్పినట్టు పోలీసులని కాసేపు పక్కకి తప్పించడానికి ఒప్పుకుంటాడు, ఆ మాట మీరే చెప్పేస్తే చాలు.